పదిహేడు కౌంటు

నరసాపురం రొయ్యల ఫ్యాక్టరీలో
రసీదు రాసే కుర్రాడు తలెత్తకుండా అడిగాడు:
"సరుకేంటండీ?"
పుస్తకాలన్నాను.
"కౌంటు?"
పదిహేడన్నాను.
రాసేశాడు.
ముప్పై కౌంటు, నలభై కౌంటు డబ్బాల మధ్య
లాకు ఆఫీసు గేజి రిజిస్టర్లు పదిహేడూ
వరదనీళ్ళు కారుతూ
చలిగదిలోకి వెళ్ళాయి.

తడిసిన పుస్తకాన్ని ముందు గడ్డకట్టించాలి,
బూజుకి తీరిక ఇవ్వకూడదు.
ఇది కోపెన్‌హాగెన్‌లో నేర్చుకున్నాను.
అక్కడి యంత్రానికి గాజు తలుపు,
దాని ముందు అందరం గుసగుసగా మాట్లాడేవాళ్ళం.
ఇక్కడ తలుపు తీస్తే పచ్చి రొయ్యల వాసన,
రబ్బరు బూట్ల ఆడవాళ్ళ పరాచికాలు:
"ఇదేం చేపండీ మేడంగారూ, ఇన్ని పొరలున్నాయి?"

రోమ్‌లో ఆరు నెలలు
చిరుగు అంచుని వేలితో చదవడం నేర్పారు.
కత్తిరించిన అంచు దేన్నీ పట్టుకోదు.
చిరిగిన అంచుకి నూగుంటుంది,
ఆ నూగే అవతలి నూగుని వెతుక్కుంటుంది.
చెప్పినావిడ పేరు మర్చిపోయాను.
బొటనవేలి మీద కాలిన మచ్చ గుర్తుంది.

జపాన్ వెళ్ళేటప్పుడు
పెట్టె అడుగున, రెండు అట్టల మధ్య
ఆత్రేయపురం రేకులు నాలుగు పట్టుకెళ్ళాను,
నెయ్యీ బెల్లం తగలని ఉత్త రేకులు.
మల్లిడి సుభద్రమ్మ
బోర్లించిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ ఒక్కసారి లాగి
రేకు ఊడదీసి ఇస్తూ
ఊపిరి బిగబట్టమంది.
మా గురువు హిరోసేగారు ఒకదాన్ని
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టారు.
చాలాసేపు చూశారు.
ఏ చెట్టు నార? అన్నారు.
చెట్టు కాదు, వరి అన్నాను.
ఇంకొంచెంసేపు చూసి
తినేశారు.

ఆయనే చెప్పారు:
అతుకు ఎప్పుడూ కాగితం కన్నా బలహీనంగా ఉండాలి.
రేపు మళ్ళీ లాగుడు పడితే
చిరగాల్సింది నీ అతుకు.
ఇంకోటి,
నీళ్ళు తగిలితే ఊడొచ్చేదే మంచి జిగురు.
నీ తర్వాత వచ్చేవాడికి
నీ కన్నా ఎక్కువ తెలిసుండొచ్చు.
నేను నవ్వాపుకున్నాను.
నీళ్ళు తగలని చోటేది మా వైపు?
వశిష్ఠ ఒక పక్క, కాలువ ఒక పక్క,
ఎండాకాలం గోడలు ఉప్పు కక్కుతాయి.

నెల తర్వాత, లాకు ఆఫీసు వసారాలో
బ్లాటింగు కాగితాలు పరిచి
రోజుకో పుస్తకం విప్పుతున్నాను.
లస్కరు కొప్పిశెట్టి గవరయ్య
గ్రీజు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు.
ముట్టుకోడు.
పదకొండో పుస్తకం వాళ్ళ తాత చేతిరాతట.
పొద్దున ఆరింటికి ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు.
సాయంత్రం ఆరింటికి ఇన్ని.
పక్కన అక్కడక్కడా: వాన. పడవలు మూడు.
ఒకచోట: కోడలికి నొప్పులు.
దాని కిందే, అదే సిరాతో,
ఆరడుగుల రెండంగుళాలు.
అది చదివితే గవరయ్య దగ్గాడు.

ఆగస్టు పేజీ దగ్గర నా చెయ్యాగింది.
తేదీలున్నాయి. అంకెలు లేవు.
ఐదు రోజుల ఖాళీ గళ్ళ మీదుగా
గోధుమరంగు గీత, ఏటి ఒడ్డులా వంకర్లు పోతూ.
మొన్నటి వరదది కాదు.
మొన్నటిది ఇంకా లేతగా, దీని మీంచి దాటి పోయింది.
మరక తియ్యడం నాకొచ్చు.
వియన్నాలో మూడు వారాలు అదే పని,
మచ్చ ఎక్కడుండేదో తీసినవాళ్ళే చెప్పలేనంతగా.

బ్రష్షు తడిపాను కూడా.
గవరయ్య మొదటిసారి బల్ల దగ్గరికొచ్చాడు.
"అప్పుడు తాత గేటు మీదున్నాడండి,
ఐదు రోజులూ.
రాయడానికి లోపలికి రాలేదు.
పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది.
ఆ గీత మరి..."

బ్రష్షు పిండి ఆరబెట్టాను.
అంచు చిరుగుకి మాత్రం
నీళ్ళకి ఊడొచ్చే జిగురుతో సన్నటి అతుకేశాను.
మరక: చికిత్స లేదు, అని నివేదికలో రాశాను.
కారణం గడి ఎటూ చిన్నది.

ఆరవుతోంది.
గవరయ్య గేజి చూడ్డానికి మెట్లు దిగాడు.
కొత్త రిజిస్టరు ఇంకా రాలేదు.
కింద నుంచే కేకేశాడు అంకె.
మా వృత్తిలో పెన్ను పట్టనివ్వరు.
బ్లాటింగు కాగితం మూల మీద
పెన్సిల్‌తో రాసుకున్నాను.