అర పేజీ

మొదటి చిత్తు మూడు పేజీలు రాశాను.
ప్రార్థించుచున్నాము, వేడుకొనుచున్నాము,
తమరి దయకు పాత్రులము.
నూకరత్నం మేడమ్ ఎర్ర పెన్ను మూత పళ్లతో తీసి
అన్నింటినీ కొట్టేసింది.
"అడుక్కోవడానికీ అడగడానికీ
ఒక్క వత్తు తేడా అమ్మాయ్.
ఆ వత్తు తీసేసి, అర పేజీలో పట్టుకురా."

చినవాల్తేరు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది.
మిల్లీగ్రాము తూచడం తెలిసిన వేళ్లు
మాట తూచలేక తడుముకున్నాయి.
మందు ఒంట్లో ఎక్కడ కరుగుతుందో
ఆరు సెమిస్టర్లు చదివాను.
చట్టం ఎక్కడ పుడుతుందో, ఏ బల్ల మీద ఆగిపోతుందో
ఎవరూ చెప్పలేదు,
పరీక్షలో రాదు కనక.

ఫిషింగ్ హార్బరులో చేపలు కోసే ఎర్నమ్మ
పెద్దాసుపత్రిలో ఇచ్చిన తెల్ల మాత్ర,
వీధి కొట్లో కొన్న పచ్చ మాత్ర,
రెండూ ఒకటే షుగరు మందని చెప్పే మనిషి లేక
రెండూ మింగి
వంజరం ముక్కల మధ్య ఒరిగిపోయింది.
పక్క బుట్టావిడ చిగుళ్లకి పంచదార రాసిందట.
తెలివొచ్చాక అడిగింది:
"తప్పు నాదేటమ్మా?"

ఆ కొట్లో గోడమీద సర్టిఫికెట్ ఉంది.
అద్దం, చెక్క ఫ్రేము, మూల చిన్న ఫొటో,
ఎండిపోయిన చేమంతి దండ.
ఫొటోలో ఆయన మధురవాడలో ప్లాట్లు అమ్ముతాడు.
బతికుండగానే దండ పడ్డ మనిషి.

ఇదంతా రాసి ఇచ్చాను.
మేడమ్ బాగుందనలేదు. "అయితే ఏం కావాలి?" అంది.
బాధ చెప్పి ఆగిపోతే ఉత్తరం,
ఏం కావాలో చెబితేనే వినతి.
కొట్టు తెరిచి ఉన్నంతసేపూ ఫార్మసిస్టు ఉండాలన్న నియమం
కాగితం దిగి కొట్లోకి రావాలి.
తనిఖీకి మనుషుల్ని పెంచండి.
మాత్ర ఎలా మింగాలో చెప్పే రెండు నిమిషాల్ని
పనిగా లెక్కకట్టండి.
మూడు వాక్యాలు. పదకొండు చిత్తులు.

రాయని వాక్యం ఒకటుంది.
కిందటి నెల ఆ కొట్టు సత్తిబాబే ఫోన్ చేశాడు.
"పాసవ్వగానే నీ కాగితం నాకిచ్చీ పాపా,
నువ్వు రానక్కర్నేదు, నెలకి ఐదు వేలు."
నేను వద్దనలేదు.
ఆలోచిస్తానన్నాను.

మంగళవారం. ఎమ్మెల్యే ఆఫీసు వరండా.
ముందు మురిక్కాలవ వాళ్లు, తర్వాత బదిలీల మాస్టార్లు,
ఆ వెనక మేము, తెల్లకోట్లు మడిచి ఒళ్లో పెట్టుకుని.
కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఆయన అడిగాడు:
"మందుల షాపు వాళ్లా? డిస్కౌంటు గొడవా?"

బట్టీ పట్టిన మూడు వాక్యాలూ
తడి చేతిలో మాత్రల్లా కరిగిపోయాయి.
నా నోటి వెంట ఎర్నమ్మే మాట్లాడింది:
"తప్పు నాదేటమ్మా?"
గదిలో ఎవరో నవ్వారు.
ఆయన నవ్వలేదు. పెన్ను ఆపాడు.
అప్పుడే ఫోను మోగింది.
మా అర పేజీ
మురిక్కాలవ కాగితం కిందికి వెళ్లి పడుకుంది.

మెట్ల మీద నాకు ఏడుపొచ్చింది.
మేడమ్ డైరీ తీసి తారీఖు వేసుకుంది.
"ఒక్క డోసుకే తగ్గిన జ్వరం చూశావా ఎప్పుడైనా?
వచ్చే మంగళవారం మళ్లీ."

జగదాంబ దగ్గర బస్సు దిగి
సత్తిబాబుకి నేనే ఫోన్ చేశాను.
ఈ వాక్యాన్ని ఎవరూ దిద్దిపెట్టలేదు.
"రానక్కర్లేదన్నావు కదా.
పాసైతే వస్తాను.
కౌంటరు వెనక ఒక కుర్చీ వెయ్యి."

అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడు.
ఎవరో పసిబిడ్డకి
దగ్గు మందు అడుగుతున్నారు.