అర అంగుళం

తెల్లారి ఐదున్నరకి పనిముట్ల షెడ్డులోంచి వాకర్ తీస్తాను.
నాది కాదు. నాకింకా యాభై మూడే.
ఆర్విన్ నికల్‌ది. పన్నెండో నంబరు గది, సముద్రం వైపు.
పోయిన మార్చిలో ఆయన వెళ్ళిపోయాక
సామాన్ల గదిలో పడెయ్యమన్నారు.
పడెయ్యలేదు.
వెనక కాళ్ళకి తొడిగిన రెండు టెన్నిస్ బంతుల్లో
ఎడమది అరిగి లోపలి నలుపు బయటపడింది.
మనిషి ఎటు ఒరిగి నడిచాడో
బంతికి తెలిసినంత డాక్టరుకి తెలీదు.

నోవా స్కోషియాలో, ఈ ఒడ్డున,
శీతాకాలం నేల పైన కన్నా నేల కిందే ఎక్కువ పని చేస్తుంది.
మట్టిలో నీరు గడ్డకట్టి, ఉబ్బి,
నిద్రలో దుప్పటి తన్నేసినట్టు
కాలిబాట పలకల్ని పైకి తన్నుతుంది.
ఏప్రిల్‌లో కరిగాక అవి దిగుతాయి, నిజమే,
లేచిన చోటికే దిగుతాయని ఎవరూ మాటివ్వలేదు.
అర అంగుళం తేడా.
మీకూ నాకూ బూటు కింద అదొక లెక్క కాదు.
ఎనభై ఏడేళ్ళ తుంటి ఎముకకి
అది గోడ.

అందుకే ఖాళీ వాకర్ తోసుకుంటూ
భోజనాల హాలు నుంచి బెంచీల దాకా,
బెంచీల నుంచి జెండా కర్ర దాకా నడుస్తాను.
కంటికి అన్నీ చదునే.
చక్రం తడబడిన చోట సుద్దముక్కతో గీత గీస్తాను.
నన్ను చూసి కొత్త నర్సు ఒకసారి
కుర్చీ తెచ్చి కూర్చోమంది.

నవంబరులో దారి పొడవునా నారింజ కర్రలు పాతుతాను,
మంచు తోసే బండికి అంచు తెలియాలని.
ఆర్విన్ ముప్పై ఏళ్ళు రేవులో ఫెర్రీ నడిపాడు.
పొగమంచు రోజుల్లో ఆ కర్రల్ని బోయాల్లా లెక్కపెట్టుకుంటూ వచ్చేవాడు.
"పదిహేడోది లేదు, వెండెల్,
నా ఓడ బండకెక్కేది" అని తిట్టేవాడు.
ఇప్పుడు పదిహేడోది కొంచెం లోతుగా పాతుతాను.

జనవరిలో మంచు మీద వాన, వాన మీద మంచు,
గోరుచుట్టు మీద రోకటిపోటు.
నలభై రెండు బస్తాల ఉప్పు.
ఆ ఉప్పు మేలో నన్ను వెతుక్కుంటూ వస్తుంది,
గడ్డి అంచుల్లో చచ్చిన పసుపు చారగా.
ఒక కాలంలో చేసిన మేలుని
ఇంకో కాలంలో పార పట్టుకుని తవ్విపోస్తుంటాను.

హెస్టర్ జింక్ ఆరో నంబరు కిటికీ.
చేపల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు మేస్త్రీ,
ఇప్పుడు నాకు మేస్త్రీ.
ఒక్క ఆకు వదిలేస్తే అద్దం మీద ఉంగరంతో కొడుతుంది.
అక్టోబరులో డాఫడిల్ దుంపలు నాటుతుంటే
బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది.
పూసేనాటికి తనుంటుందా అని అడగలేదు.
"ఎంత లోతు?" అంది.
ఆరంగుళాలన్నాను.
భోజనాల హాలు నుంచి దొంగిలించిన గరిటె
కోటు జేబులోంచి తీసింది.

ఈ వసంతంలో ఆమె కిటికీ ముందే చక్రం ఆగింది.
గీత గీశాను. గడ్డపారతో పలక లేపాను.
మంచు చేసిన పని కాదు:
కింద తెల్లటి మొలక, వేలంత లావు,
వెలుతురు కోసం అడ్డంగా పాకి,
పలకల సందు వెతుక్కుంటూ వంకర తిరిగి ఉంది.
ఆ సందులో దుంప దూర్చిందెవరో
గరిటె గాట్లే చెప్పాయి.

చాలాసేపు మోకాళ్ళ మీదే ఉన్నాను.
పలక చుట్టూ చిన్న కంచె కడదామా,
దారినే కొంచెం పక్కకి తిప్పుదామా అని
ఏవేవో పిచ్చి ఆలోచనలు.
అద్దం మీద ఉంగరం మోగింది.
కిటికీ రెండంగుళాలు తెరుచుకుంది.
"పీకెయ్. అక్కడ నేను నడవాలి."

పీకాను.
జెండా కర్ర దగ్గర, ఉప్పు అందని చోట నాటాను.
ఇసుక పోసి, మట్టం పెట్టి, బుడగ నడిమికొచ్చేదాకా సర్ది
పలక దింపాను.

మధ్యాహ్నం ఆమె బయటికొచ్చింది.
నేను కత్తెరకి నూనె పెడుతున్నట్టు నటిస్తూ
చెవి అటు పెట్టాను.
ముందు చక్రాలు వచ్చాయి, దాటాయి.
చప్పుడు లేదు.
ఈ పనికి అంతకు మించిన మెచ్చుకోలు
నేనింతవరకూ వినలేదు.

జెండా కర్ర దగ్గర ఆగింది.
మొలక వైపు చూసింది, అనుకుంటాను.
"వెండెల్," అంది వెనక్కి తిరక్కుండానే,
"ఇక్కడ గడ్డి పెరిగింది."