తెలియని భుజం

సోహార్‌ల శుక్రవారం పొద్దుగూకే యాళ్ల.
క్యాంపు వెనక ఇసుకల రెండు పైపులు పాతి
వాలీబాల్ నెట్టు కట్టినం.
బిగించినకొద్దీ రెండూ లోపలికి వంగి
ఒకదానికొకటి దండం పెట్టుకున్నయి.

"వెనక నుంచి తీగ గుంజాలె" అన్నడు భూమన్న.
షట్టరింగు మేస్త్రి. ఏడో తరగతిల బడి ఇడిసినోడు.
కోయా దుకాణంల తీగ మీటరుకు రెండొందల బైసలు,
పది మంది చందా.
అడుగు ఎక్కువ తెచ్చినమా,
లింబాద్రి మళ్ల జీతం దాకా యాది చేస్తడు.
అందుకే కొనకముందే లెక్క.

ప్లైవుడ్ ముక్క మీద మేకుతోటి గీసిండు:
నిలువు గీత గుంజ, ఎనిమిదడుగులు.
"భూమెంత?" అన్నడు.

ఈ మాట నన్ను శానమంది అడిగిన్రు.
సొసైటీ గుమాస్తా, కాయితం మీంచి తల ఎత్తకుంట.
పిల్లనిచ్చేటోళ్లు, చాయ్ సల్లారేదాక.
వీసా ఏజెంటు, కుదువ పెట్ట ఏమన్న ఉన్నదా అని.
తడుముకోకుంట చెప్పుడు ఇదే మొదలు:
"ఆరడుగులు."
"ఎవనికైనా అంతే గదా ఆఖరుకు" అని లింబాద్రి నవ్విండు.

ఆరార్లు ముప్పైయారు. ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు.
కలిపితే వంద. వందకు మూలం పది.
"కర్ణం పదడుగులు. రెండు ముళ్లకు ఇంకో మూడు.
ఆ మూడు ఏ పుస్తకంల ఉండయి,
ముడేసినోనికి తెలుస్తయి."
గుంజకు నాలుగు మీటర్లు. రెండింటికి
రియాలున్నర మీద వంద బైసలు.

మొదటి గుంజ నిటారుగ నిలవడ్డది.
రెండో దానికి ఆరడుగుల కాడ మేకు దించితే
ఠంగుమన్నది. కింద మురికినీళ్ల పైపు.
ఏడుకు జరిపినం.

ఏడేళ్లు నలభైతొమ్మిది, అరవైనాలుగు.
నూటపదమూడు.
భూమన్న మేకు గాలిలనే ఆగింది.
పది పదులు నూరు, దాటింది.
పదకొండు పదకొండులు నూటఇరవైయొకటి, అందలేదు.
"నడుమ యాడనో ఉన్నది. ఉండుడైతే ఉన్నది.
పేరే దొరుకుతలేదు."
పది మీద ఏడున్నర అంగుళాలని
ఆఖరుకు ఉజ్జాయింపు కట్టిండు.
మా కాడ ఉన్న తీగకు ముడి ఆగది.
మగ్రిబ్ అజాన్ ఇనవడ్డది, కోయా షట్టరు దించిండు.

డి బ్లాకు దిక్కు నుంచి ఒకడొచ్చిండు,
నేపాలో, బంగ్లానో.
చేతికి వెల్డరు తొడుగు ఒక్కటే, రెండోది లేదు.
వంగిన గుంజను చూసిండు, ప్లైవుడ్ మీది బొమ్మను చూసిండు.
ఏమీ అనలే. గుంజకు భుజం ఆనిచ్చి నిలవడ్డడు.

మూడు ఆటలాడినం. రెండు ఓడినం.
లింబాద్రి సర్వీసు రెండుసార్లు ఆయన నెత్తికే తాకింది.
"ఆడుతవా?" అని సైగ చేస్తే
గుంజను చూపెట్టి తల అడ్డంగ ఊపిండు.

లైటు బందు చేసినంక ఇసుక దులుపుకొని పోయిండు.
బొమ్మల కర్ణం పక్క జాగా ఇంకా ఖాళీగనే ఉన్నది.
ఆయన తెల్లంగి మీద, భుజం కాడ,
తుప్పు గీత ఒకటి.
మూలమట్టం పెట్టి చూసినా
వెంట్రుకంత వంకర లేదు.