తెగుడు నీళ్ళు

కార్తీకంలో నీళ్ళు దక్షిణానికి దిగుతాయి.
కృష్ణ కక్కిన ఎర్ర బురద
ఇంకా కడుపులో ఉండగానే
దివి ముక్కును రాసుకుంటూ
ఒడ్డు చెయ్యి పట్టుకుని వస్తాయి.
వచ్చి, మా కొత్తపట్నానికి ఎగువన ఎక్కడో
వదిలేస్తాయి.

ఆ చోటుకి అంకయ్య పెట్టుకున్న పేరు తెగుడు నీళ్ళు.
ఇటు ఎరుపు, అటు నీలం, నడుమ నురగ.
నురగలో ఒంటి చెప్పు, బోండాం బుర్ర,
ఎవరో మొక్కి వదిలిన అరటిదొప్ప,
అందులో తడిసిన వత్తి.
అక్కడ ఇంజను ఆపితే
పడవ ముక్కు ఒక ఊరికి, తోక ఒక ఊరికి లాగుతుంది.

మా గుంటల్లో ఉప్పు కొలవడానికొచ్చే
ఇస్లాంపేట పిల్ల నజీమా
మొన్న మూడు నారింజరంగు డబ్బాలతో దిగింది.
సముద్రంలో వదలాలంట,
ఎటు పోయేదీ ఫోనులో చూడాలంట.
బాడుగకి దొరికిన పడవ అంకయ్యది.
తోడు రమ్మని నన్ను అడిగింది.
మేం మాట్లాడుకుని ఏడేళ్ళయిందని
పిల్లకేం తెలుసు.

అతను చుక్కాని దగ్గర. నేను ముక్కు మీద.
మధ్యలో ఆ పిల్ల, ఒళ్ళో డబ్బాలు.

“ఒడ్డుని ఎందుకు వదులుతాయో తెలుసా అంకుల్?
ఇక్కడ నేల పడమటికి మడుచుకుంటుంది.
నీళ్ళు వేగం మీదున్నాయి. మళ్ళలేవు.”

“అయితే తిరిగింది ఒడ్డే,” అన్నాడు అంకయ్య.
“నీళ్ళు వచ్చిన దారినే పోతన్నాయి.”
చుక్కానితో అన్నాడు, నాతో కాదు.

ఇరవై ఏళ్ళు ఒకే పడవ, ఒకే బీడీకట్ట.
నన్ను వదిలిపెట్టి పోయింది అంకయ్యేనని
వేలంపాటల దగ్గర నేనే చెప్పుకు తిరిగా.
వలలన్నీ తుపానుకి పోయిన ఏడు
రొయ్యల గుంటకి కాపలా కుదిరాను:
నెల జీతం, టార్చిలైటు, రేకుల పాక.
ఆ వారమే అతను అప్పు చేసి వల కొన్నాడు.
మళ్ళలేదు.

రాత్రుళ్ళు గట్టు మీద తిరుగుతాను.
గుంటలో గాలిచక్రాలు తిరుగుతాయి,
నురగని తోసి, తోసిన నురగనే మళ్ళీ తోసి.
తెల్లారేసరికి నా అడుగుల మీదే నా అడుగులు.

నిన్న నజీమా ఫోను చేసింది.
రెండు డబ్బాలు పులికాటు దాటి
లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.
మూడోది నురగ గీతకి ఇవతలే పడింది,
బాపట్ల ఎదర పదకొండు రోజులుగా
గింగిరాలు కొడుతోంది.
“బ్యాటరీ ఇంకా ఉంది అంకుల్.”

అంకయ్యకి చెప్పావా, అన్నాను.
చెప్పిందంట.
ఏమన్నాడు?

“గాలి మళ్ళితే అదే వస్తది.
ఎవురూ ఎతకబాకండి” అన్నాడంట.

ఫోను పెట్టేశాక
చాలాసేపు గట్టు మీదే నిలబడి
గాలి ఎటుందో చూశాను.