ఎడమ చక్రం మీద గురుబారి

సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లేదు.
దిగేటప్పుడు మొదలైంది,
స్పీడు నలభై దాటగానే
తేనెపట్టుకి చెవి ఆనించినట్టు ఒకటే ఊఁ...
ముప్ఫైకి దింపితే నీళ్ళు నములుతుంది,
నలభైకి మళ్ళీ లేస్తుంది.

టైర్లే అనుకున్నాను.
ఎనభై తొమ్మిది మోడలు జీపు, వెనక గుండు గీసిన టైర్లు.
పొట్టంగి దాటి పల్లెల్లోకి తిరిగితే తారు అయిపోతుంది,
టైరు చప్పుడైతే మట్టి మీద గొంతు మార్చాలి.
మార్చలేదు.
పల్లంలో న్యూట్రల్ చేసి వదిలాను
(ఇది మా ఆవిడకి చెప్పకండి).
ఇంజను నెమ్మదించింది, గేరుబాక్సు ఊరుకుంది.
అది ఊరుకోలేదు.

శుక్రవారం. కుందులి సంత.
పద్నాలుగు మంది, ఆరు అల్లం బస్తాలు,
కాళ్ళు కట్టిన కోళ్ళకి లెక్క లేదు.
గురుబారి ఎప్పుడూ ఒక్కచోటే కూర్చుంటుంది,
వెనక, ఎడమ చక్రం మీది బల్ల మీద.
మొదట్లో చోటు లేక. తరవాత అలవాటై.
పరజా మాటలో ఏదో అంది.
పక్కనున్న కుర్రాడు తెలుగు చేశాడు:
"నీ బండికి ఇక్కడ నొప్పంట."
ఆమె తన తొడ మీద చెయ్యేసి చూపిస్తోంది.
నవ్వాను.
డెబ్బై ఏళ్ళ మనిషి, నొప్పి ఎవరిదో నాకు తెలీదా.

సెమిలిగుడలో పాత్రుని గవరయ్య షెడ్డు.
"కుడి వెనక బేరింగు," అన్నాను దిగుతూనే.
"ఎలా సెప్తావు?"
"కుడికి తిప్పితే అరుస్తోంది. ఎడమకి తిప్పితే మానేస్తోంది."
గవరయ్య గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు, వేలు వేలూ.
"నెత్తిన బిందెట్టుకుని సందు తిరిగిన ఆడమనిసిని సూసేవా?
కుడికి తిరిగితే నీల్లు ఎటు తొణుకుతాయి?"

జాకీ ముందు కుడి వైపే పెట్టాడు, నా మర్యాద కోసం.
చక్రానికి పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు.
గోడలో రాయి.
తరవాత ఎడమది.
టక్.
ఒక్కసారే. ఊడబోయే పాలపన్ను నాలుకకి తగిలినట్టు.

నన్ను చక్రం తిప్పమని
తను కమాను పట్టీ మీద వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
బియ్యంలో రాళ్ళు తడిమే మనిషి అలా మూసుకుంటాడు.
నా చెయ్యి లాగి అక్కడ పెట్టాడు.
ఇనుము లోపల ఎవరో తడి ఇసక నములుతున్నారు.
బల్ల మీంచి, బస్తా మీంచి, చీర మీంచి
ఇదే కదా ఇన్ని శుక్రవారాలూ
ఆమె ఎముకలోకి ఎక్కింది.

డ్రమ్ము విప్పితే లోపలంతా నూనె.
సీలు ఎప్పుడో పోయింది, బ్రేకు లైనింగు నానిపోయింది,
ఆ బ్రేకుతోనే నేను ఘాట్ దిగుతున్నాను.
షాఫ్టు లాగాడు. రోలర్ల నిండా అమ్మవారి మచ్చలు.
కప్పు ఒక పక్క వేడికి నీలమెక్కి
నెమలి మెడలా ఉంది.
పాడవడం ఇంత అందంగా ఉంటుందని నాకు తెలీదు.

జయపురం నుంచి కొత్తది
కండక్టరు ఒళ్ళో కూర్చుని వచ్చింది, సాయంత్రం బస్సుకి.
గవరయ్య రేకుబిళ్ళ ఒకటి తీసి, పలచటిదొకటి వేసి,
షాఫ్టుని నెట్టి, లాగి, మళ్ళీ నెట్టి,
"ఎంటుకంత ఆడాల. ఆడకపోతే కాలిపోద్ది.
ఎక్కువాడితే ఇరిగిపోద్ది," అన్నాడు.
రెండు వేల నాలుగొందలు. సగం అప్పు.

మరుసటి శుక్రవారం
కుందులి ముందు కుడి మలుపులో
నా కాలు దానంతటదే ఏక్సిలేటరు వదిలేసింది.
చప్పుడు లేదు. కోళ్ళు తప్ప.
అద్దంలో గురుబారి బల్ల మీద అరచెయ్యి పరిచి
తల వంచి ఉంది.
ఏమంటోందని అడిగాను.
"నొప్పి సెప్పినందుకు కూలి ఇవ్వవా అంతంది," అన్నాడు కుర్రాడు.
ఆ రోజు ఛార్జీ పుచ్చుకోలేదు.

పై వారం పూర్తి డబ్బులు చేతిలో పెట్టింది,
రూపాయి తక్కువ లేకుండా.
పెట్టి,
కుడి చక్రం వైపు గడ్డం ఎగరేసింది.