తడి వేలు

గొర్రెల్ని రాతిదొడ్లోకి తోలి, కర్రలు గోడకానించి
ఒక్కొక్కరే వస్తారు, దుప్పట్లలో చలిని కూడా చుట్టుకుని.
మలోటి కొండల్లో మా బడి రాత్రి ఏడింటికి.
తొమ్మిదిమంది కాపరులు, మూడు టాబ్లెట్లు,
కప్పు మీద ఒక సోలార్ పలక.
ఇవాళంతా మబ్బు.

పెట్టెలు దించిన రోజు అధికారి అన్నాడు:
"ప్రపంచమంతా ఇందులోనే ఉంది."
"అయితే గడ్డి ఎటువైపు మిగిలిందో అడుగు,"
అన్నాడు ముసలి మొలెఫి.
నవ్వనివాడు అధికారి ఒక్కడే.
అప్పటికి టాబ్లెట్లు నాలుగు.
ఒకదాన్నెవరో రెండు మేకలకు మార్చుకున్నారు.
నేను రిపోర్టులో "పగిలింది" అని రాశాను.

ఖోత్సోకి పన్నెండేళ్లు. వాడు తాకితే చాలు
అద్దం అడుగునుంచి చేపల్లా లేస్తాయి అక్షరాలు.
గుర్రప్పందేల ఆట ఎక్కడ దాక్కుందో
నాకన్నా ముందు వాడికే తెలిసింది.

మొలెఫి వేలికి మాత్రం అద్దం ఉలకదు, పలకదు.
నలభయ్యేళ్ల ఉన్ని, కత్తెర, మంచు.
చర్మం బెరడు కట్టింది.
నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు,
మొండికేసిన పొట్టేలు నుదురు తోసినట్టు.
గాజు లెక్కలో అక్కడ మనిషే లేడు.

"ఉన్ని గోదాములో ఏటా
సిరా పూసి మరీ అడిగి తీసుకుంటారు ఈ వేలిని.
వేలిముద్రగాణ్ణని దీనికెవరు చెప్పారు?"
చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు.

శిక్షణలో మాకిది చెప్పలేదు.
"తడి చేసి చూడండి," అన్నాను, నమ్మకం లేకుండానే.
నోట్లు లెక్కపెట్టేవాడిలా నాలుకకు అద్దుకుని
మళ్లీ ఆనించాడు.

గీత కదిలింది.
వేలి వెంట నీలంగా, వంకరగా,
అప్పుడే లేచిన దూడ నడకలా
ఒక అక్షరం.
లోపలి ఆడగొంతు దాని పేరు పలికింది, పట్నం యాసలో.
"ఊఁ, విన్నానమ్మా," అన్నాడాయన.
ఎవరూ నవ్వలేదు.

రెండోది. మళ్లీ నాలుక. మూడోది.
నాలుగోది పూర్తయ్యేసరికి
బ్యాటరీ అయిపోయింది.
నల్లబడ్డ గాజులో ఆయన మొహం,
వెనక కిరసనాయిలు దీపం.
పేరులో ఇంకా రెండక్షరాలు బాకీ.

"రేపు ఎండ కాస్తే," అన్నాను.
"పులేంగ్ అంటే వానలో పుట్టిందని కదూ!
ఆ పేరు పెట్టుకుని ఎండ కోరతావేం?
మందకి నీళ్లు కావాలి," అని
కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

తెల్లారి ఊటకి వెళ్తుంటే
దొడ్డి వాకిట నల్లరాతి మీద మంచు పొడి.
అందులో వేలితో గీసినవి, ఆరు.
అయిదోది తిరగబడి ఉంది.
సరిదిద్దబోయి వంగి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఎండ ఇంకా కొండ దాటలేదు.