లెక్కకు రానివి

చియాతురాలో నల్లగా ఉండేది నది ఒక్కటే అనుకుంటారు కొత్తవాళ్ళు.
చొక్కా కాలరూ నలుపే, కిటికీ గట్టూ నలుపే,
పొద్దున ఆరేసిన దుప్పటి
సాయంత్రానికల్లా మళ్ళీ తొట్లోకి దిగాల్సిందే.
మాంగనీసు గనుల ఊరు మరి.

ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇక్కడ లెక్కల టీచర్ని.
పిల్లలు "మాస్" అంటారు.
ఇజోల్డా అన్న పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మోగదు.
రోప్‌వే దిగి, కోటు దులుపుకుని,
బోర్డు మీద త్రిభుజం గీస్తాను.
ఏ కోణం ఎంతో చెప్పి తీరాలి.
చెప్పలేనివాడి చెవి మెలిపెట్టే రోజులు పోయాయి గానీ
నా చూపు ఇంకా మెలిపెడుతుందట.

రాత్రి వంటింటి బల్ల మీద
రొట్టె పొడి చేత్తో ఊడ్చేసి
అట్ట పరుస్తాను.
కాన్వాసు, బోనసు వచ్చిన నెల్లోనే.
అప్పుడు చేతికొచ్చే గీత
ఏ రెండు బిందువుల్నీ కలపదు.
కొంత దూరం పోయి, ఎందుకో ఆగి,
అక్కడే లావెక్కుతుంది.

నలుపు కొనను.
కిటికీ గట్టు మీది పొడిని పాత టూత్‌బ్రష్‌తో పోగేసి
అవిసె నూనెలో నూరుకుంటాను.
ట్యూబులో వచ్చే నలుపు మరీ మర్యాదగా ఉంటుంది.

రెండు పనుల మధ్యా గోడ కడదామని చూశాను.
నిలవలేదు.
ఒకసారి జాజా పరీక్ష పేపరు మీద
నాలుగు మార్కుల పక్కన నీలం వేలిముద్ర పడింది.
వాళ్ళమ్మ పేపరు పట్టుకుని బడికొచ్చింది:
"ఇదీ మార్కేనా?"
ఇంకోసారి ఎర్ర రంగు నిండుకుంటే
దిద్దే సిరానే ఒంపేశాను.
బొమ్మ నిండా తప్పులు దిద్దినట్టే ఉంది,
అలాగే ఉంచేశాను.

స్టాఫ్ రూములో నాదొకటి తగిలించారు, తలకిందులుగా.
మూడో వారం గానీ నాకే తెలియలేదు.
భౌతికశాస్త్రం వాజిఖో టీ కప్పుతో దాని ముందు నిలబడి
"కొండ ఏది, చర్చి ఏది?" అంటాడు.
ఏదీ లేదంటే
జీతంలో కోత పడ్డవాడిలా చూస్తాడు.

అంత ఇష్టమైతే బడి మానేయకూడదా అంది మా చెల్లెలు.
ఒక ఏడాది సగం జీతానికి సెలవు పెట్టాను కూడా.
పొద్దున్నే ఎండ, ఖాళీ బల్ల, కడిగిన కుంచెలు.
ఒక్క గీత పడితే ఒట్టు.
మధ్యాహ్నం మూడింటికి
ఎదురు కొండ మీది బళ్ళో గంట మోగితే
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను,
ఎక్కడికో వెళ్ళాలన్నట్టు.
మార్చిలో మళ్ళీ చాక్‌పీసు పట్టుకున్నాను.
ఆ రాత్రే నాలుగు అట్టలు.

నిన్న హీటరు బాగుచేయడానికి గోచా వచ్చాడు.
రేఖాగణితం రెండుసార్లు తప్పిన గోచా,
సమాంతర రేఖలు ముసలితనంలో కలుస్తాయని రాసినవాడు.
పానా పక్కన పెట్టి,
గోడకు ఆనించిన దాన్ని చాలాసేపు చూశాడు.
"మాస్, ఇది మా నాన్న షిఫ్టు దిగి మొహం కడుక్కున్నాక
తొట్లో మిగిలే నీళ్ళు."

కాదురా, అనబోయాను.
అది నలుపూ, దాని పక్కన కాస్త బూడిద రంగూ,
నిద్ర పట్టక మూడింటికి వేసిన పసుపూ.
అంతకు మించి నేనేమీ అనుకోలేదు.
వాడు వెనుక బెంచీలోంచి చూసినట్టే చూశాడు:
"తప్పా?"

హీటరు టకటకమని, వేడెక్కింది.
డబ్బులు తీసుకోనన్నాడు. జేబులో కుక్కాను.
మెట్లు దిగుతూ ఇంకోసారి వెనక్కి చూశాడు,
నా వైపు కాదు.

రేపు మొదటి పీరియడు తొమ్మిదో తరగతి.
ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు.
ఈ ఊళ్ళో
దాని సంగతి ఎవరూ అడగరు.